ఐవీ తీగల వెనక పెట్టె

ఆ ఏప్రిల్ చివర్లో ఒకరోజు డెస్ పొలం నుంచి మధ్యాహ్నమే వచ్చేశాడు. బూట్లయినా విప్పకుండా వంటింట్లోకి వచ్చి ఫోను నా ముఖానికి అడ్డంగా పెట్టాడు.

"చూడు జిల్. నిన్న వచ్చింది. నిన్ననే!"

అది వాళ్ళ పెట్టెల వేట సైటు. ఎవరో ఎక్కడో ఒక చిన్న పెట్టె దాచి, ఆ చోటు గుర్తులు సైటులో పెడతారు. మిగతావాళ్ళు ఫోను పట్టుకుని వెతుక్కుంటూ వెళ్తారు. దొరికితే లోపలి చీటీ మీద పేరు రాసి, పెట్టెను ఉన్నచోటే పెట్టేసి వస్తారు. డెస్, పిల్లలిద్దరూ ఆదివారాలన్నీ ఆ ఆటకే పోసేవాళ్ళు. అందులో ఏం సరదా ఉందో నాకు ఎన్నడూ అర్థం కాలేదు. శాండ్‌విచ్‌లు కట్టి ఇవ్వడం వరకే నా పని.

డెస్ వేలు పెట్టి చూపించిన చోట మా అమ్మాయి బ్రయనీ పేరుంది. దాని కింద, ఆ పేరుగల మనిషి సైటుకు చివరిసారి వచ్చిన తేదీ ఉంది. ముందురోజు తేదీ.

నేను కుర్చీలో కూలబడ్డాను. పొయ్యి మీద బంగాళాదుంపలు పొంగి పోతున్నా లేవలేకపోయాను.

మా అబ్బాయి రోరీని ఫిబ్రవరిలో పూడ్చాం. వాడికి పదిహేడేళ్ళు. కారు నడిపింది బ్రయనీ. మంచు గడ్డకట్టిన మలుపులో కారు జారి చెట్టును కొట్టుకుంది. అక్కకు మోచేయి విరిగింది, తమ్ముడు పోయాడు. తప్పు ఎవరిదీ కాదని పోలీసులు తేల్చారు. కానీ అంత్యక్రియల తర్వాత, ఊరి హాల్లో అందరూ టీ కప్పులు పట్టుకుని నిలబడ్డప్పుడు, డెస్ దాని వైపు తిరిగి, "స్టీరింగు పట్టుకుంది నువ్వే కదా," అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. అయినా హాలంతా విన్నది. ఈస్టర్ మర్నాడు బ్రయనీ వీపు సంచీ తగిలించుకుని వెళ్ళిపోయింది. నాకు ఒకే ఒక్క సందేశం పెట్టింది: నేను బాగానే ఉన్నాను, వెతకొద్దు. తర్వాత ఆ నంబరు పలకలేదు.

పోలీసుల దగ్గరికి వెళ్తే, ఇరవై ఏళ్ళు దాటిన మనిషి, తనంతట తాను వెళ్ళింది, క్షేమమని కూడా చెప్పింది, మేమేం చేయగలం అన్నారు. అందుకే ఆ ఏప్రిల్ నుంచి మా ఇంట్లో పొద్దున లేస్తే మొదట చూసేది ఆ తేదీనే. తేదీ మారితే ఆ రోజు టీ తాగగలిగేదాన్ని. మారకపోతే కప్పు పక్కన పెట్టి మళ్ళీ మళ్ళీ ఫోను చూస్తూ కూర్చునేదాన్ని.

మే నెలలో డెస్‌కి ఆ ఆలోచన వచ్చింది.

"ఇంటికి దగ్గర్లో ఎవరైనా కొత్త పెట్టె దాస్తే దాని ఫోనుకు కబురు వెళ్తుంది," అన్నాడు. "ఫోను చేస్తే ఎత్తదు. పెట్టె పెడితే చూస్తుంది. మన చర్చిలోనే పెడతాను. వాడున్న చోట."

"చూస్తే వచ్చేస్తుందా?"

"తెలీదు జిల్. నాకు చేతనైంది ఇదొక్కటే."

ఆ నెలలో మొదటిసారి అతను నాతో రెండు మాటలకు మించి మాట్లాడింది అప్పుడే.

చర్చిలో ఏం పెట్టాలన్నా ప్రార్థనలు జరిపే వికార్ అనుమతి కావాలి, చర్చి బాగోగులు చూసే వార్డెన్ ఒప్పుకోవాలి. మా స్కార్త్‌బీ చర్చి చాలా పాతది. గోపురం కట్టి ఆరువందల ఏళ్ళయిందంటారు. ఆదివారం వచ్చేది మాత్రం పదిమందికి మించరు. వికార్ ఫిలిప్పా చిన్నది, ముప్పై అయిదు దాటి ఉండవు. చుట్టుపక్కల చర్చిలన్నీ ఆవిడే చూసుకోవాలి కాబట్టి ఎప్పుడూ కారు తాళాలు చేతిలోనే ఉంటాయి. వార్డెన్ ఆబ్రీ గారు రిటైరైన బడిపంతులు. ఆ ఆవరణలో గడ్డి ఆయన చేతుల మీదుగానే కోయాలి, పువ్వులు ఆయన కళ్ళముందే పెట్టాలి.

"సమాధుల మధ్య దొంగాటలా డెస్మండ్?" అన్నాడాయన. "పిల్లలూ పెద్దలూ ఫోన్లు పట్టుకుని మా అమ్మా నాన్నల మీద నడుస్తారు. నేనొప్పుకోను."

"సమాధుల దగ్గర కాదు ఆబ్రీ గారూ. ఉత్తరపు గోడ దగ్గర, ఐవీ తీగల వెనక. అటెవరూ వెళ్ళరు."

"ఎవరూ వెళ్ళని చోటికి జనాన్ని తోలుకురావడమే కదా నీ ఆట."

డెస్ టోపీ నలుపుతూ నిలబడ్డాడు. చివరికి నేనే అన్నాను. "జనం కోసం కాదండీ. మా బ్రయనీ కోసం."

ఆబ్రీ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు. దానికి చదువు చెప్పింది ఆయనే. ఫిలిప్పా మెల్లగా, "కోతలయ్యేదాకా ఉంచుదాం ఆబ్రీ," అంది. "ఆ తర్వాత నువ్వెలా అంటే అలా."

డెస్ ఆ పెట్టెకు ఒక పొడుపు పెట్టాడు. సైటులో చర్చి గేటు మాత్రమే కనిపిస్తుంది. అసలు చోటు కావాలంటే మూడు ప్రశ్నలకు జవాబులు తెలియాలి. గోపురం మూల నుంచి నాలుక చాపే రాతి మొహానికి రోరీ పెట్టిన పేరేంటి? క్రిస్మస్ పాటల మధ్యలో వాడు జేబులోంచి జారవిడిచిందేంటి? చర్చి గంట తాడు లాగబోయి ఎవరి మీద పడ్డాడు? ఆ జవాబుల్లోని అక్షరాలు లెక్కేస్తే గోడ దగ్గరి చోటు తెలుస్తుంది. ఆ జవాబులు లోకంలో ముగ్గురికే తెలుసు. ఇద్దరు మేము.

పెట్టె సైటులో కనబడిన రోజు సాయంత్రం బ్రయనీ తేదీ మారింది. డెస్ వాకిట్లోకి వెళ్ళి, కంచె పట్టుకుని చాలాసేపు అటు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతుంటే చూసి నేను దగ్గరికి వెళ్ళలేదు.

అది రాలేదు. వచ్చినవాళ్ళంతా వేరేవాళ్ళు.

జూన్ అంతా ఒక్క చినుకు లేదు. చర్చి ఆవరణలో గడ్డి ఎండి పసుపురంగుకు తిరిగింది. రోరీ మీద పరిచిన పచ్చిక అంచులు విడిపోయి లేచాయి. ఆ ఎండలో లింకన్ నుంచి, నాటింగ్‌హామ్ నుంచి జనం వచ్చి గేటు దగ్గర నిలబడేవాళ్ళు. నోళ్ళు తెరుచుకుని గోపురం వైపు చూసేవాళ్ళు. డెస్ పని మానేసి యూ అనే ముసలి చెట్టు నీడలో బల్ల మీద కూర్చుని ప్రతి కారునూ చూసేవాడు. తలుపు తెరుచుకుని దిగేది బ్రయనీ కాదని తేలగానే మళ్ళీ తల వంచేసేవాడు.

వచ్చినవాళ్ళు ఇంటికెళ్ళి సైటులో రాసేవాళ్ళు. 'ఈ పొడుపు దేవుడు కూడా విప్పలేడు.' 'చర్చి అందంగా ఉంది, ఆట చెత్తగా ఉంది.' 'దాచినాయన బల్ల మీద కూర్చుని మమ్మల్ని చంపేసేలా చూస్తున్నాడు, జాగ్రత్త.' నేను అవన్నీ చదివేదాన్ని. వాటి మధ్య ఎక్కడైనా మా పిల్ల మాట ఒక్కటి ఉంటుందేమోనని.

జులై మొదటివారంలోనే బార్లీ కోతకొచ్చింది. డెస్ ఇరవై ఏళ్ళుగా గ్రెగ్ ముంబీ పొలంలో కోత మిషను నడుపుతున్నాడు. గ్రెగ్ వ్యాను దిగి నేరుగా చర్చి ఆవరణలోకి వచ్చాడు.

"ఏరా డెస్, ఇదేనా నీ కొత్త ఉద్యోగం? సమాధులకు కాపలా కాస్తున్నావా?"

"ఇంకెవరినైనా చూసుకో గ్రెగ్."

"ఎవర్ని చూడమంటావ్? గింజ రాలిపోతోంది. ఆ మిషను వినేది నీ ఒక్కడి మాటే." కాస్త తగ్గాడు. "చూడరా, నువ్విక్కడ కూర్చుంటే అది వస్తుందా చెప్పు?"

"నేను లేనప్పుడు వస్తే?"

గ్రెగ్ నా వైపు చూశాడు. నేను రోరీ దగ్గర చెంబుతో నీళ్ళు పోస్తున్నాను. ఆ గడ్డి బతకదని తెలిసీ పోస్తున్నాను. అతను వ్యాను ఎక్కి వెళ్ళిపోయాడు. ఆ ఏడు గ్రెగ్ బార్లీని ఎవరో కుర్రాడు కోశాడు. సగం నేలపాలయిందని ఊరంతా చెప్పుకున్నారు.

ఇంట్లో మాటలు కరువయ్యాయి. నేనూ తిన్నగా ఉండలేదు. వాడు పోయిన రోజు నుంచీ నన్నొకటి తొలిచేస్తూ ఉండేది. ఆ సాయంత్రం పిల్లలిద్దరూ లౌత్ నుంచి ఇంటికి రావాలి. కారు దొరికింది బిల్స్‌థార్ప్ దారిలో, ఇంటికి పూర్తిగా అవతలి దిక్కున. ఇంటికొచ్చే పిల్లలు అటెందుకు తిరిగారు? బ్రయనీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ రోజూ అదే అడిగాను. అది గోడవైపు తిరిగి పడుకునేది. అది వెళ్ళిపోయాక డెస్‌ని అడగడం మొదలుపెట్టాను.

"నాకేం తెలుసు?" అనేవాడు. "పిల్లలు కదా. తిరుగుతారు."

జులై చివర్లో ఒక శనివారం ఆబ్రీ గారు మా తలుపు బాదాడు. వగర్చుతున్నాడు.

"రండి. ఇద్దరూ రండి. మీ ఆటగాళ్ళు ఏం చేస్తున్నారో చూద్దురుగాని."

నలుగురు మగవాళ్ళు. పొడుపు విప్పలేక, ఆవరణంతా గాలిస్తే పోలా అనుకున్నట్టున్నారు. ఐవీ తీగలు పీకి పడేశారు. ఒకడు మోకాళ్ళ మీద కూర్చుని రోరీ మీది పచ్చిక అంచును చాపలా ఎత్తి, కింద చేత్తో తడుముతున్నాడు. రోరీకి పేరు చెక్కిన రాయి లేదు కదా, ఇంకా పెట్టలేదు. అది సమాధని అతనికి తెలియదు. ఆ సంగతి ఇప్పుడు చెప్పగలుగుతున్నాను.

డెస్ అతన్ని కాలరు పట్టుకుని లేపి గోడకేసి కొట్టాడు. డెస్ నోటినుంచి ఒక మూలుగులాంటిది వస్తోంది. మిగతా ముగ్గురూ కేకలు వేశారు. నేనూ ఆబ్రీ గారూ చెరో చెయ్యీ పట్టుకుని లాగాం. అప్పటికే ఆ మనిషి పెదవి చిట్లి చొక్కా మీద రక్తం పడింది.

"పిచ్చోడివా? డబ్బా కోసం మనిషిని చంపేస్తావా?" అని అరిచాడతను.

"అది మా అబ్బాయి," అన్నాను నేను. "మీరు తవ్వుతున్నది మా అబ్బాయిని."

అతను కిందికి చూశాడు. ముఖం పాలిపోయింది. "అయ్యో, అమ్మా... మాకు తెలీదమ్మా," అంటూ వెనక్కి వెనక్కి నడిచాడు. గేటు దాకా అలాగే వెళ్ళాడు. పోలీసు ఫిర్యాదు కూడా ఇవ్వలేదు. కానీ ఆ సాయంత్రానికే సైటు నడిపేవాళ్ళు మా పెట్టెను మూసేశారు. పేజీ మీద ఎర్రగీత పడింది.

"పెట్టె తీసేయి జిలియన్," అన్నాడు ఆబ్రీ గారు. కోపంగా కాదు. మోకాళ్ళ మీద కూర్చుని రోరీ పచ్చికను అరచేతులతో అదుముతూ అన్నాడు. "ఇంక చాలమ్మా."

నేనే వెళ్ళి తీశాను. వాళ్ళెవరికీ దొరకలేదు. అంత వెతికినా దొరకలేదు. ఆకుపచ్చ రంగు వేసిన టిఫిన్ డబ్బా. లోపల ఏదో ఉంటుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. రోరీ ఫోటోనో, క్షమించమ్మా అన్న ఒక మాటో. ఇంటికి తెచ్చి మూత తీస్తే ఖాళీ చీటీ, పెన్సిలు ముక్క. అంతే.

"ఏమీ పెట్టలేదేం డెస్?"

అతను వంటింటి బల్ల మీద రెండు చేతులూ పెట్టి వాటినే చూసుకుంటున్నాడు. "ఏం పెట్టను? రోజూ ఏదో ఒకటి పట్టుకెళ్ళేవాణ్ణి. మళ్ళీ తెచ్చేసుకునేవాణ్ణి."

ఆ వారమంతా బ్రయనీ తేదీ మారలేదు. తర్వాతి వారం కూడా మారలేదు. పెట్టె మూసేశారు కాబట్టి ఇంక చూడటం మానేసిందేమో అన్నాడు డెస్. నేను వేరేగా అనుకున్నాను. రేడియోలో గుర్తు తెలియని యువతి అన్న మాట వినబడితే చాలు, చేతిలో ఉన్నది జారిపోయేది. ఒకరోజు స్నానాల గదిలో డెస్ నిద్రమాత్రల సీసా అరచేతిలో ఒంపుకుని లెక్కపెట్టుకుంటూ కనబడ్డాడు. నేను సీసా లాక్కుని కాలువలో పారబోశాను.

ఆ సాయంత్రమే నేను డెస్ ఫోను తీసుకుని, ఆ ఆటగాళ్ళంతా కబుర్లు చెప్పుకునే చోట రాశాను. అంతకుముందు ఎన్నడూ అలాంటివి రాయలేదు. 'స్కార్త్‌బీ పెట్టె మాదే. మా అమ్మాయి కోసం పెట్టాం. దాని తమ్ముడు ఆ ఆవరణలోనే ఉన్నాడు. పొట్టిగా ఉంటుంది, ఎర్రజుట్టు, ఎడమ మోచేయి పూర్తిగా చాచలేదు. ఎవరైనా చూసి ఉంటే, అది బతికి ఉందని ఒక్కమాట చెప్పండి చాలు. ఎక్కడుందో చెప్పకపోయినా ఫర్వాలేదు. - జిల్.'

జవాబులు కుప్పలుగా వచ్చాయి. మమ్మల్ని తిట్టినవాళ్ళే రాశారు. పెదవి చిట్లినతనూ రాశాడు. అందరూ అయ్యో అన్నారు. చూసినవాళ్ళు మాత్రం లేరు.

నాలుగోరోజు ఒక పెద్దావిడ మా గుమ్మంలో నిలబడింది. డెబ్బై దగ్గర్లో ఉంటుంది. సైకిలు హెల్మెట్ చంకలో, ఒక ముసలి స్పానియల్ కుక్క కాళ్ళ దగ్గర.

"జిల్ నువ్వేనా తల్లీ? నా పేరు నోర్మా. డర్హామ్ నుంచి వస్తున్నా. ఫోన్లో చెప్పే మాట కాదు, అందుకే రైలెక్కి వచ్చేశా. ముందు ఈ కుక్కకి కాసిని నీళ్ళు పోయి."

నీళ్ళు పోశాను. సగం గిన్నె బయటే పడ్డాయి.

"మీ పిల్లను చూశాను," అంది. "బతికే ఉంది. కూర్చో, కూర్చో. పడిపోయేలా ఉన్నావ్."

నార్తంబర్లాండ్ తీరంలో ఒక చర్చి వసారాలో పడుకుని కనబడిందట. పెట్టె కోసం వెళ్ళిన నోర్మా దాన్ని చూసి మొదట భయపడిందట. "పెట్టెలున్న చర్చిలు పట్టుకుని ఒకదాన్నించి ఒకదానికి నడుస్తోందమ్మా. తలుపు తీసి ఉంటుందా, కొళాయి ఉందా, అన్నీ మేం సైట్లో రాస్తాం కదా. అవి చదువుకుని పోతోంది. ఫోను పాడైందట, చిత్తుకాగితం మీద రాసుకుని తిరుగుతోంది. పడుకున్న ప్రతిచోటా పొద్దున్నే నేల ఊడ్చి, ఇత్తడి తోమి వెళ్తుందట. అద్దెలాగ, అంది నాతో."

"ఆరోగ్యం ఎలా ఉంది?" డెస్ గొంతు నాకే కొత్తగా వినబడింది.

నోర్మా అతని వైపు తిరిగింది. "నువ్వు తండ్రివా? బాలేదు. దగ్గుతోంది. ఎముకలు లెక్కపెట్టొచ్చు. ఒంటిమీద మగపిల్లాడి రగ్బీ చొక్కా, ఈ ఎండలో. ఇంటికెళ్ళు తల్లీ అన్నాను. నేనెళ్తే మా అమ్మ చచ్చిపోతుంది అంది. అదేం మాటో నాకర్థం కాలేదు. మీకేమైనా తెలిసిందా?"

నాకూ అర్థం కాలేదు. డెస్ లేచి కారు తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఫిబ్రవరి నుంచి అతను కారు ముట్టుకోలేదు.

నోర్మా మ్యాపు మీద గుర్తులు పెట్టి ఇచ్చింది. మేం ఉత్తరం వైపు వెళ్ళాం. ఒక్కొక్క చర్చి దగ్గర ఆపుతూ పోయాం. కొన్ని తాళం వేసి ఉన్నాయి. ఒకచోట వసారా రాతిబల్ల మీద బిస్కెట్ పొట్లం, ఒకచోట అద్దంలా మెరిసే ఇత్తడి దీపస్తంభం. అక్కడ డెస్ ఆ ఇత్తడిని చేత్తో తాకి, ఇంకా తోమిన వాసన వస్తోంది అన్నాడు. ఆ రాత్రి కార్లోనే పడుకున్నాం. మర్నాడు మధ్యాహ్నానికి హోల్మ్‌రిగ్ చేరాం. పొలాల మధ్య ఒంటరిగా ఉన్న చిన్న చర్చి. వెనక సముద్రం. ఇనుప కంచె మీద ఎర్రగీతల రగ్బీ చొక్కా ఆరేసి ఉంది.

రోరీ చొక్కా. నేను కారు ఆపడం కూడా మరిచిపోయి దిగబోయాను.

లోపల చీపురు నేలమీద పడిన చప్పుడైంది. మేం తలుపు దాటేసరికి, పక్కనున్న వికార్ గది గొళ్ళెం లోపలినుంచి పడింది.

"బ్రయనీ! అమ్మనే! తలుపు తియ్యి తల్లీ, తలుపు తియ్యమ్మా." చెక్క మీద రెండు చేతులతోనూ కొట్టాను.

దగ్గు. తర్వాత దాని గొంతు. ఈస్టర్ తర్వాత మళ్ళీ ఇప్పుడే వింటున్నాను, సన్నగా. "నాన్న కూడా వచ్చాడా?"

"వచ్చాడు."

"అయితే వెళ్ళిపోండి. ప్లీజ్ అమ్మా. నేను బాగానే ఉన్నా. వెళ్ళిపోండి."

డెస్ నన్ను పక్కకు జరిపాడు. తలుపుకు వీపు ఆనించి నేలమీద కూర్చున్నాడు. ఆరడుగుల మనిషి, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకున్నాడు.

"ఊరి హాల్లో నేనన్న మాటకు..." అని ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. "ఆ రోజు మీకు ఫోను చేసింది నేనే కదమ్మా."

లోపల మళ్ళీ దగ్గింది.

"బిల్స్‌థార్ప్ చర్చిలో కొత్త పెట్టె పడింది, ఇంకా ఎవరూ తీయలేదు, వెళ్తే మొదటి పేరు మనదే అన్నాను. మీరు ఇంటికి బయల్దేరిపోయారు అప్పటికే. నాన్నా, రోడ్డు బాలేదు, మంచు గడ్డకట్టింది అన్నావు నువ్వు. నాకు తెలుసు బాలేదని. పొద్దున్నే నా ట్రాక్టరే జారింది. అయినా నవ్వాను. పిరికిదానా, ఫోను రోరీకివ్వు, వాడు భయపడడు అన్నాను."

నేను అక్కడే ఉన్న బల్ల మీద కూర్చున్నాను. ఎదురుగా నున్నగా ఊడ్చిన నేల. దాని మీద రంగుటద్దాల వెలుగు పడుతోంది. ఇంటికొచ్చే పిల్లలు అటెందుకు తిరిగారు? ఆర్నెల్లు అడిగాను. ఇతన్నే అడిగాను. నాకేం తెలుసు అన్నాడు.

తలుపు వెనక బ్రయనీ ఏడుస్తోంది. ఏడుపు మధ్యలో అరిచింది.

"అమ్మ ముందు ఎందుకు చెప్పావ్? అమ్మ ముందు ఎందుకు చెప్పావ్ నాన్నా?"

డెస్ తల ఎత్తాడు.

"అది చెప్పకూడదనే కదా నేను వెళ్ళిపోయింది! రోజూ అడిగేది. పక్క మీద కూర్చుని జుట్టు నిమురుతూ అడిగేది. ఇంకో వారం ఉంటే చెప్పేసేదాన్ని. చెప్తే అమ్మకి నువ్వు కూడా ఉండవు. రోరీ లేడు, నువ్వూ లేకపోతే అమ్మ ఎలా బతుకుతుంది?"

దానికి ఇరవై ఒకటి కూడా నిండలేదు. విరిగిన చేయి సరిగా అతకక ముందే, తమ్ముణ్ణి పోగొట్టుకున్న పిల్ల, నా కోసం ఇంత లెక్క వేసుకుని రోడ్డు పట్టింది. హాల్లో అంతమంది ముందు తండ్రి అన్న మాటకు బదులు చెప్పడానికి దాని దగ్గర జవాబుంది. ఒక్క ముక్కలో చెప్పొచ్చు. చెప్పలేదు.

"మీ పొడుపు మొదటిరోజే విప్పేశాను," అంది కాసేపటికి, గొంతు తగ్గించి. "అన్నీ తెలుసు నాకు. ఎన్నిసార్లో బయల్దేరాను. రాలేకపోయాను."

నేను లేచి తలుపు దగ్గరికి వెళ్ళాను. డెస్ జరగబోయాడు, కానీ కాళ్ళు పట్టేసినట్టున్నాయి. అతని భుజం మీదుగా వంగి చెక్కకు నోరు ఆనించాను.

"చచ్చిపోలేదు బ్రయనీ. విన్నాను, చచ్చిపోలేదు. ఇంక తలుపు తియ్యి."

గొళ్ళెం తీయడానికి చాలాసేపు పట్టింది. వచ్చింది. నోర్మా చెప్పింది నిజమే. దాన్ని కావలించుకుంటే రెక్కలు ముడుచుకున్న పక్షిని పట్టుకున్నట్టుంది. ఒళ్ళు కాలిపోతోంది. నా భుజం మీదుగా అది నేలమీద కూర్చున్న తండ్రిని చూసింది. దెబ్బ తగలని చేయి అతని వైపు చాచింది. అతను ఆ చేయి పట్టుకోలేదు, దాని బూటు లేసు పట్టుకుని తల వంచేశాడు.

దగ్గర్లోని ఊళ్ళో డాక్టరు చూసి ఊపిరితిత్తులకు నిమ్ము పట్టిందన్నాడు. మందులిచ్చాడు, ఇంటికి తీసుకెళ్ళొచ్చు, ఒంటరిగా మాత్రం వదలొద్దన్నాడు. చర్చిలో చీపురు ఎక్కడిదక్కడ పెట్టనిదే బ్రయనీ కదల్లేదు. కంచె మీది చొక్కా తీసి మళ్ళీ వేసుకుంది.

కారు నేనే నడిపాను. వాళ్ళిద్దరిలో ఎవరూ ముందు సీట్లో కూర్చోలేదు. న్యూకాసిల్ దాటాక వాన మొదలైంది, ఆ వేసవిలో మొదటి వాన. వెనక సీటు నుంచి బ్రయనీ, మగతగా, "అమ్మా, నాన్నని వెళ్ళిపొమ్మంటావా?" అంది.

"పడుకో," అన్నాను.

పడుకుంది. అద్దంలో చూస్తే తల డెస్ భుజం మీద వాలి ఉంది. అతను ఊపిరి కూడా బిగబట్టి, కదలకుండా, రాయిలా కూర్చున్నాడు. కళ్ళు మాత్రం అద్దంలో నా కళ్ళ కోసం వెతుకుతున్నాయి. నేను రోడ్డు వైపు చూశాను. రోరీ ఆ ఫోను చెవికి ఆనించుకుని నవ్వడం నాకు కనబడింది. వాడు భయపడడు. నిజమే, వాడు దేనికీ భయపడేవాడు కాదు.

అప్పుడు నాలో లేచింది ఇంతా అంతా కాదు. కారు రోడ్డు పక్కకు తీసి, వెనక తలుపు తెరిచి, దిగు అనాలనిపించింది. ఈ వానలో, ఈ రోడ్డు మీద, ఇక్కడే దిగు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కాలు బ్రేకు మీద పెట్టాను కూడా. కారు కాస్త నెమ్మదించగానే బ్రయనీ నిద్రలో మూలిగి, తండ్రి చొక్కాను గుప్పిట్లో పట్టుకుని ఇంకా దగ్గరికి జరిగింది.

కారు ఆపితే పిల్ల లేస్తుంది.

కాలు తీసేశాను. ఇల్లు చేరేదాకా ఎక్కడా ఆపలేదు.